సాంచెల ఊరిలో పులుపు వంట

భివండీ మరమగ్గాల నడుమ, కామత్‌ఘర్‌లో స్థిరపడిన తెలుగు నేత కుటుంబాల వేసవి భోజనం పప్పు, కాయ, ఆకు, పులుపు అనే నాలుగింటి మీద నిలుస్తుంది. ఎండకూ ఉక్కకూ వంతులవారీ పనికీ తగినట్టుగా ఆ వంట ఎలా కుదిరిందో, అందులో పులుపు చేసే పని ఏమిటో పరిశీలించే కథనమిది.

మాంసం, చేపలు, గుడ్లు మాత్రమే కాక పాలు, పెరుగు, నెయ్యి సైతం లేకుండా ధాన్యం, పప్పులు, కూరగాయలు, ఆకులు, గింజలతోనే కూర్చుకునే భోజనాన్ని నేడు మొక్కల ఆధారిత ఆహారమనీ వీగన్ ఆహారమనీ పిలుస్తున్నారు. పాలపదార్థాలకు చోటుండే సంప్రదాయ శాకాహారానికీ దీనికీ ఉన్న తేడా అదే. పెద్ద నగరాల్లో ఈ ఆహారం బాదం పాలు, సోయా మాంసం వంటి ఖరీదైన సరుకుల రూపంలో కొత్త అలవాటుగా ప్రచారం పొందుతుండగా, మహారాష్ట్రలోని ఠాణే జిల్లాకు చెందిన భివండీ పట్టణంలో, కామత్‌ఘర్, పద్మానగర్ ప్రాంతాల తెలుగు ఇళ్లలో అది ఏ ప్రత్యేకమైన పేరూ లేకుండా పూట భోజనంగా సాగుతున్నది. ఈ ఇళ్లు శాకాహార నియమం పాటించేవి కావు. పండుగకూ పబ్బానికీ చుట్టాల రాకకూ మాంసం వండుతారు, వీలున్నప్పుడు మజ్జిగ పోసుకుంటారు. అయినా పని దినాల భోజనంలో మాంసమూ పాలూ లేని పూటలే ఎక్కువ కావడానికి, ఆ లోటు నాలుకకు తెలియకపోవడానికి ముఖ్య కారణం పులుపును ఆధారం చేసుకొని వండే తెలంగాణ పద్ధతి.

పాళీని బట్టి పొయ్యి

కామ్వారీ నది ఒడ్డున ఉన్న పాత వర్తక పట్టణమైన భివండీకి 1857 తిరుగుబాటు అనంతరం ఉత్తర భారతం నుంచి మోమిన్ నేతకారులు వచ్చి చేరారు. 20వ శతాబ్ది తొలి భాగంలో చేతిమగ్గాల స్థానాన్ని మరమగ్గాలు క్రమంగా ఆక్రమించాయి. నిజాం పాలనలోని కరీంనగర్, నల్లగొండ, వరంగల్ ప్రాంతాలలో మిల్లు బట్ట పోటీకీ కరువుకూ అప్పులకూ తాళలేకపోయిన పద్మశాలీలు ముంబయి, సోలాపూర్‌లతో పాటు ఈ పట్టణానికీ తరలివచ్చి, తమ కులదైవమైన మార్కండేయుని గుడులనూ బతుకమ్మ పండుగనూ వెంట తెచ్చుకున్నారు. 1982 జనవరి 18న మొదలైన ముంబయి బట్టల మిల్లుల సమ్మె తరువాత మిల్లులు ఒక్కొక్కటిగా మూతపడుతుండగా, బట్ట ఉత్పత్తిలో పెద్ద భాగం మరమగ్గాల వైపు మళ్లడంతో భివండీ మరింత విస్తరించింది.

మరమగ్గాన్ని తెలంగాణ నేతకారులు సాంచె అంటారు; పని వంతును మరాఠీ, హిందీ మాటల ప్రభావంతో పాళీ అంటారు. పగటి పాళీ, రాత్రి పాళీ అని రెండుగా విడిపోయిన పన్నెండేసి గంటల పనిలో ఒక్కొక్క కార్మికుడు ఒకేసారి అనేక సాంచెలను చూసుకోవలసి వస్తుంది. నూలు దారం పొడి గాలిలో తెగిపోతుంది కనుక నేత షెడ్లలో తేమ నిలిచేలా చూస్తారు. అందువల్ల కొంకణ తీరపు వేసవిలో బయట ఉన్న ఉక్క లోపల రెట్టింపవుతుంది, చెమట ఆరదు, దాహం తీరదు, ఆకలి మందగిస్తుంది. ఇంట్లో వంట ఏ వేళకు కావాలో, డబ్బా ఎన్ని గంటలు నిలవాలో, తిన్నవారికి నిద్ర ముంచుకురాకుండా ఉండాలంటే ఎంత నూనె వాడాలో నిర్ణయించేది ఈ పాళీయే. రాత్రి పాళీకి వెళ్లేవారి డబ్బా సాయంత్రమే సిద్ధం కావాలి. అందులోని అన్నం, పప్పు నడిరాత్రి దాకా పాడవకుండా ఉండాలి. ఒకటి రెండు గదుల ఇంట్లో మండే పొయ్యి ఇల్లంతటినీ వేడెక్కిస్తుంది కనుక, తక్కువ సేపు మంట వాడే వంటలకు వేసవిలో సహజంగానే మొగ్గు ఉంటుంది.

వేసవి బజారు

కరీంనగర్ వేసవికీ భివండీ వేసవికీ పోలిక లేదు. అక్కడ ఎండ 42 డిగ్రీలు దాటి గాలి పొడిగా వీస్తుంది. ఇక్కడ ఉష్ణోగ్రత అంతకు తక్కువే అయినా సముద్రపు తేమ ఒంటిని అంటిపెట్టుకొని ఉంటుంది. ఊళ్లో డాబా మీద త్వరగా ఎండిపోయే వడియాలు, కూరగాయ ముక్కలను ఎండబెట్టి దాచుకునే ఒరుగులు ఇక్కడి తేమలో ఆలస్యంగా ఎండుతాయి, సరిగా ఎండకపోతే బూజు పడతాయి. అందువల్ల వేసవి సెలవులకు ఊరికి వెళ్లినవారు చింతపండు, ఎండుమిర్చి, మామిడికాయ తొక్కు, నువ్వులు సంచుల్లో కట్టుకొని రావడం అలవాటైంది. నిలవ సరుకు ఊరిదిగానూ, పచ్చి కూరగాయ ఇక్కడిదిగానూ ఈ వంట రెండు చోట్ల నుంచి సమకూరుతుంది.

ముంబయి–నాసిక్ రహదారి పక్కనే ఉండటం వల్ల నాసిక్ వైపు నుంచి వచ్చే కూరగాయలు భివండీకి సులభంగా చేరతాయి. దీనికి తోడు ఠాణే జిల్లా పల్లెల్లో వరి కోతల తరువాత నీటి వసతి ఉన్న పొలాలలో బెండ, దోస, కాకర వంటివి వేస్తారు. వేసవిలో ముఖ్యంగా దొరికేవి తీగజాతి కాయలు: దుధీ పేరుతో అమ్మే సొరకాయ, దొడ్కా లేదా శిరాళే అనే బీరకాయ, తోండలీ అనే దొండకాయ, పడవళ్ అనే పొట్లకాయ, కార్లే అనే కాకరకాయ. ఇవిగాక బెండ, గవార్ పేరుతో దొరికే గోకరకాయ అంటే గోరుచిక్కుడు, మునగకాయ, వంకాయ ఉంటాయి. ఆకుల్లో అంబాడీ పేరుతో అమ్మే పుంటికూర అంటే గోంగూర, చుక్కకూర, తోటకూర, బచ్చలి, మరాఠీలో ఘోళ్ అనే గంగవాయిలి కూర ఉంటాయి. కైరీ అనే పచ్చి మామిడికాయ మార్చి నుంచి జూన్ వానల దాకా బజారును ఏలుతుంది.

సొర, బీర, పొట్ల, దోస వంటి కాయల బరువులో నూటికి తొంభై పాళ్లకు పైగా నీరే ఉంటుంది. చెమట రూపంలో నీరు, లవణాలు పోగొట్టుకునే శరీరానికి ఇవి తగినవే కానీ, వీటిలో శక్తి, మాంసకృత్తులు స్వల్పం. సొరకాయ కూర ఒక్కటే తిని పన్నెండు గంటలు నిలబడటం సాధ్యం కాదు. కాబట్టి కాయను పప్పుతో గానీ నువ్వులు, పల్లీలతో గానీ జత చేయడం తెలంగాణ వంటలో నియమంగా స్థిరపడింది. చప్పనైన కాయ, చిక్కనైన పప్పు కలిసినప్పుడు నోటికి రుచి తగలాలంటే మూడో వస్తువు కావాలి. పులుపు ప్రవేశించేది అక్కడే.

పులుపు చేసే పని

ఉత్తర, పశ్చిమ భారత వంటల్లో చాలాచోట్ల పులుపును పెరుగు అందిస్తుంది. తెలంగాణ వంటలో ఆ స్థానం చింతపండు, పచ్చి మామిడికాయ, పుంటికూర, చుక్కకూర, చింతచిగురులది. పుల్లదనం కోసం పాలపదార్థాన్ని ఆశ్రయించవలసిన అవసరం లేకపోవడమే ఈ భోజనం తనకు తెలియకుండానే మొక్కల ఆధారితంగా నిలవడానికి మూలం. ఈ పుల్లని వస్తువులలో ఉండే ఆమ్లాలు ఒకటి కావు: చింతపండులో టార్టారిక్ ఆమ్లం, పచ్చి మామిడికాయలో ప్రధానంగా సిట్రిక్, మాలిక్ ఆమ్లాలు, చుక్కకూరలో ఆక్సాలిక్ ఆమ్లం ఎక్కువగా ఉంటాయి, అందువల్లనే ఒక్కొక్కదాని పులుపు నాలుక మీద ఒక్కొక్క తీరుగా తెలుస్తుంది.

వంటలో పులుపు చేసే మొదటి పని నిలవకు సంబంధించినది. ఆహారంలో ఆమ్లం పెరిగి, దాన్ని కొలిచే పీహెచ్ విలువ 4.6 కంటే తగ్గినప్పుడు హానికరమైన సూక్ష్మజీవుల్లో చాలావాటి ఎదుగుదల కుంటుపడుతుంది. పులుసు, తొక్కు ఈ కోవకు వస్తాయి. పప్పులో పులుపు అంత గాఢంగా ఉండదు కనుక పుంటికూర పప్పును ఎంతసేపైనా నిలవ ఉంచవచ్చునని భావించరాదు. ఉక్కపోతలో దాన్ని వండిన కొద్ది గంటల్లోనే తినడం మేలు.

రెండో పని కూరగాయ స్వభావానికి సంబంధించినది. మొక్కల కణాల గోడలను పట్టి ఉంచే పెక్టిన్ అనే పదార్థం ఆమ్లంలో త్వరగా కరగదు. పులుసులో వేసిన సొరకాయ ముక్క చితికిపోకుండా నిలిచేది ఇందువల్లనే. చింతపండు రసం ముందుగానే పోస్తే కందిపప్పు ఎంతకీ మెత్తబడకపోవడానికీ కారణం ఇదే. పప్పు పూర్తిగా ఉడికిన తరువాతనే పులుపు కలపాలనే పెద్దల నియమంలో ఈ రసాయన సూత్రం ఇమిడి ఉంది. బెండకాయ జిగురును పులుసు తగ్గిస్తుంది. మరాఠీ ఇళ్లలో ఆళూ అనే చామ ఆకులు వండేటప్పుడు గొంతు దురద పెట్టకుండా చింతపండు గానీ, కొంకణానికి ప్రత్యేకమైన కోకం గానీ తప్పక వేస్తారు. ఏప్రిల్, మే నెలల్లో పండే కోకం పండు ఎండు తొక్కను ఆమ్‌సూల్ అంటారు. ఊరి చింతపండు అయిపోయినప్పుడు పప్పుచారులో రెండు మూడు ఆమ్‌సూల్ రెక్కలు వేసుకునే వీలు కొంకణంలో స్థిరపడిన తెలుగు వంటకు అదనంగా దక్కింది. ఆమ్ల వస్తువులు అల్యూమినియం, కళాయి లేని ఇత్తడి, రాగి పాత్రలతో చర్య జరుపుతాయి కనుక వీటిని స్టీలు పాత్రలో గానీ మట్టి కుండలో గానీ వండాలి.

మూడో పని పోషణకు సంబంధించినది. ఆకుకూరలు, పప్పుధాన్యాల్లో ఉండే ఇనుము మాంసంలోని ఇనుమంత సులభంగా శరీరానికి పట్టదు. భోజనంతో పాటు సి విటమిన్, సిట్రిక్ వంటి ఆమ్లాలు అందినప్పుడు దాని గ్రహణం మెరుగవుతుంది. పచ్చి మామిడికాయ కోరు, నిమ్మరసం చివరన, పొయ్యి మీది నుంచి దించిన తరువాత కలపడం వల్ల వేడికి నశించే సి విటమిన్ కొంతైనా మిగులుతుంది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో 57 శాతం మంది రక్తహీనతతో ఉన్నారు కాబట్టి ఇది చిన్న విషయం కాదు. మరమగ్గాల ఊళ్లో పాళీ పొడవునా సాగే చాయ్ ఈ మేలును దెబ్బతీస్తుంది. తేయాకులోని పాలీఫినాల్ పదార్థాలు ఇనుమును అడ్డుకుంటాయి కనుక భోజనానికీ చాయ్‌కీ మధ్య కనీసం గంట ఎడం ఉండాలి.

నాలుగు వంటలు

వేసవిలో మంట దాదాపు అవసరం లేని వంటగా పచ్చి పులుసుకు అగ్రస్థానం ఇవ్వవచ్చు. నలుగురికి 30 గ్రాముల చింతపండును గోరువెచ్చని నీళ్లలో పావుగంట నానబెట్టి, రసం పిండి, మొత్తం ముప్పావు లీటరు అయ్యేలా నీళ్లు కలపాలి. నాలుగైదు పచ్చిమిర్చిని నేరుగా మంట మీద కాల్చి, ఉప్పుతో నలిపి, సన్నగా తరిగిన రెండు ఉల్లిగడ్డలతో పాటు రసంలో పిసకాలి. రెండు చెంచాల వేయించిన నువ్వుల పొడి, చిటికెడు బెల్లం, కొత్తిమీర వేసి, ఇష్టముంటే ఆవాలు, జీలకర్ర, ఎండుమిర్చి, కరివేపాకుతో పోపు పెట్టాలి. ఇది నీరు, లవణం, నువ్వుల కొవ్వు కలిసిన వంట. ముద్దపప్పుతో కలిపి తింటేనే భోజనం నిండుగా ఉంటుంది.

పుంటికూర పప్పుకు 150 గ్రాముల కందిపప్పును అరగంట నానబెట్టి, పసుపు వేసి మెత్తగా ఉడికించుకోవాలి. పావుకిలో పుంటికూర ఆకును ఏడెనిమిది పచ్చిమిర్చి, ఒక ఉల్లిగడ్డతో వేరే గిన్నెలో మగ్గబెట్టి, ఉడికిన పప్పులో కలిపి, ఉప్పు వేసి రెండు నిమిషాలు ఉంచి దించాలి. రెండు చెంచాల నూనెలో ఆవాలు, జీలకర్ర, ఎండుమిర్చి, చితక్కొట్టిన ఆరు ఎల్లిపాయ రెబ్బలు వేయించి పోపు పెడితే నెయ్యి లేని లోటు కనిపించదు. ఆకు తన పచ్చదనం కోల్పోయి గోధుమ వన్నెకు తిరగడం దోషం కాదు. పత్రహరితం మీద ఆమ్లం పనిచేసినప్పుడు జరిగే సహజమైన మార్పు అది.

బీరకాయ పొట్టు తొక్కు, కాయలో ఏ భాగాన్నీ పారవేయని పొదుపుకు గుర్తు. అరకిలో బీరకాయల గరుకు ఈనెలను తొలగించి, మిగిలిన పొట్టును చెంచాడు నూనెలో పచ్చిదనం పోయేదాకా వేయించాలి. గుప్పెడు పల్లీలు, రెండు చెంచాల నువ్వులు, ఆరేడు ఎండుమిర్చి విడిగా వేయించి, కొద్దిగా చింతపండు, ఉప్పు, జీలకర్ర, ఎల్లిపాయలతో కలిపి కచ్చాపచ్చాగా నూరి, చివరన పొట్టు చేర్చాలి. లోపలి గుజ్జు పెసరపప్పుతో కలిసి మరో కూర అవుతుంది కాబట్టి ఒకే కాయ నుంచి రెండు వంటలు తీసినట్టవుతుంది.

డబ్బాలో తీసుకుపోవడానికి అనువైనది సొరకాయ సర్వపిండి. గిన్నె లోపలి గోడకు అద్ది కాల్చుతారు కనుక దీన్ని కొన్ని చోట్ల గిన్నప్ప అని కూడా అంటారు. అరకిలో బియ్యపు పిండిలో పావుకిలో సొరకాయ కోరు, నానిన శనగపప్పు గుప్పెడు, దంచిన పల్లీలు గుప్పెడు, రెండు చెంచాల నువ్వులు, ఉల్లి తరుగు, కరివేపాకు, కారం, ఉప్పు వేసి ముందుగా పొడిగానే కలపాలి. సొరకాయ నుంచి ఊరే నీరు పిండిని తడుపుతుంది కనుక, ఆ తరువాతనే అవసరమైనన్ని నీళ్లు కొద్దికొద్దిగా చేర్చాలి. నూనె రాసిన లోతైన గిన్నెలో పలుచగా అద్ది, వేలితో చిల్లులు పెట్టి, వాటిలో చుక్క చుక్క నూనె వేసి, మూత పెట్టి సన్నని మంట మీద పది నిమిషాలు కాల్చితే అడుగు కరకరలాడుతుంది, పైభాగం మెత్తగా ఉంటుంది.

లెక్క, జాగ్రత్త

హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో సవరించి వెలువరించిన ఆహార మార్గదర్శకాలలో రోజుకు 2,000 కిలో కేలరీల భోజనానికి 250 గ్రాముల ధాన్యం, 85 గ్రాముల పప్పులు, 400 గ్రాముల కూరగాయలు సూచించింది. ఆ లెక్కతో చూస్తే కార్మిక కుటుంబాల భోజనంలో సాధారణంగా అన్నం వాటా ఎక్కువై, పప్పు పలుచనవుతుంది, సవరించవలసింది అక్కడే. 100 గ్రాముల కందిపప్పులో సుమారు 22 గ్రాముల మాంసకృత్తులు ఉంటాయి. ధాన్యంలో తక్కువగా ఉండే లైసిన్‌ను పప్పు, పప్పులో తక్కువగా ఉండే మెథియోనిన్‌ను ధాన్యం పరస్పరం పూరిస్తాయి. లైసిన్, మెథియోనిన్ అనేవి శరీరం తనంతట తాను తయారుచేసుకోలేని, మాంసకృత్తుల నిర్మాణానికి అవసరమైన అమైనో ఆమ్లాలు. పొట్టుతో ఉన్న నువ్వులలో 100 గ్రాములకు 1,000 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటుంది కనుక పాలు లేని భోజనంలో నువ్వుల పొడికి ప్రత్యేక స్థానం ఉంది.

ఈ భోజనానికి పరిమితులూ ఉన్నాయి. బి12 విటమిన్ మొక్కల ఆహారంలో లభించదు. మాంసం, గుడ్డు, పాలు పూర్తిగా మానివేయదలచినవారు వైద్యుని సలహాతో దాన్ని మాత్రల రూపంలో తీసుకోవాలి. చుక్కకూర, పాలకూర, గంగవాయిలి కూరల్లో ఆక్సలేట్లు ఎక్కువ కాబట్టి మూత్రపిండాల్లో రాళ్లు ఉన్నవారు, ముఖ్యంగా చెమటతో నీరు కోల్పోయే వేసవిలో, వాటిని మితంగా తినాలి. సొరకాయ ముక్కను వండేముందు నాలుక మీద పెట్టి చూడటం తప్పనిసరి. అసాధారణంగా చేదుగా ఉన్న సొరకాయలో కుకుర్బిటాసిన్ అనే విషపదార్థం ఉంటుందనీ, అటువంటి కాయను గానీ దాని రసాన్ని గానీ తీసుకోరాదనీ భారత వైద్య పరిశోధన మండలి నిపుణులు హెచ్చరించారు. తొక్కులో ఉప్పు అధికం. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించిన రోజుకు 5 గ్రాముల పరిమితి దాటకుండా ఉండాలంటే తొక్కు వేసుకున్న పూట కూరలో ఉప్పు తగ్గించాలి. పులుపు రుచిని నిలబెడుతుంది కనుక ఉప్పు తగ్గినా నాలుక సులభంగా ఒప్పుకుంటుంది.

వంట వెనుక శ్రమ

ఆకు తుంచడం, పప్పు నానబెట్టడం, నువ్వులు వేయించి దంచడం, కాయ పొట్టు వేరుచేయడం వంటి పనులకు డబ్బు కంటే సమయం ఎక్కువ పడుతుంది. ఆ సమయం ఇచ్చేది చాలావరకు స్త్రీలే. కండెలు చుట్టడం వంటి కూలి పని చేసుకుంటూనే రెండు పాళీల వంటనూ వారు నడుపుతారు. బట్ట ధర కట్టేటప్పుడు నూలు, కరెంటు, కూలి లెక్కకు వస్తాయి గానీ డబ్బా తయారు చేసిన చేతుల శ్రమ ఏ లెక్కలోనూ చేరదు. ముంబయి మిల్లు కార్మికులకు భోజనం వండిపెట్టిన స్త్రీలను ప్రేమా పురవ్ 1975లో అన్నపూర్ణ మహిళా మండల్‌గా సంఘటితం చేసి, వారికి బ్యాంకు రుణాలు అందే మార్గం చూపిన తరువాతే ఆ శ్రమకు బజారులో కొంత గుర్తింపు దక్కింది. భివండీలో కుటుంబాన్ని ఊళ్లో విడిచి వచ్చిన కార్మికులు భోజనం చేసే సామూహిక భోజనశాలలను భిసీ అంటారు. ఇంటి వంటకూ భిసీ వంటకూ నడుమ ఉన్న తేడా ప్రధానంగా ఆకు, కాయ తరగడానికి పట్టే ఈ సమయమే. ఎక్కువ మందికి త్వరగా వండవలసిన చోట ఆలుగడ్డ, పలుచని పప్పు ముందుకు వచ్చి, పుంటికూర, బీరకాయ వెనక్కి పోతాయి.

కనుక మొక్కల ఆధారిత ఆహారం మంచిదని చెప్పడంతోనే కామత్‌ఘర్ వంటి చోట పని పూర్తి కాదు. ఆ ఆహారం అక్కడ ఇప్పటికే ఉంది. దాన్ని నిలబెట్టే సమయాన్ని ఇంటిల్లిపాదీ పంచుకుంటారా అన్నదే ప్రశ్న. నువ్వుల పొడిని వారానికి ఒకసారి దంచి పెట్టుకోవడం, సెలవు రోజున ఆకు తుంచే పనిలో మగవారు కూర్చోవడం, గదిలో నలుగురు కలిసి ఉండే ఒంటరి కార్మికులు పచ్చి పులుసు, ముద్దపప్పులతో తమ భోజనం తామే చేసుకోగలగడం పెద్ద ఖర్చులేని మార్పులు. ముద్దపప్పుకు ఒక కుక్కరు, పచ్చి పులుసుకు ఒక గిన్నె, కాస్త చింతపండు, ఒక గుప్పెడు ఉల్లి తరుగు చాలు. రాత్రి పాళీ ముగించుకొని వచ్చినవారు సైతం అరగంటలో సిద్ధం చేసుకోగల భోజనమది.